ఎందుకమ్మ రాసిన కారణం

ఆ పల్లెల్లో ఆమెను అందరూ ఎందుకమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. ముప్పై ఏళ్లుగా నర్సు. జ్వరమంటే ఎందుకొచ్చిందని, మందు వేసుకోలేదంటే ఎందుకు వేసుకోలేదని ప్రాణం తీస్తుంది. రెండో ప్రశ్నకల్లా ఎంతటివాళ్లయినా నిజం చెప్పేస్తారు.

నా ప్రాణమూ తీసింది. కరోనా ఏడాది, పల్లెల్లోనే ఎక్కువమంది ఎందుకు పోతున్నారో తేల్చడానికి ఆరోగ్యశాఖ తరఫున మేం పట్నం నుంచి సర్వే ఫారాలు పంపాం. 'ఆసుపత్రికి ఆలస్యంగా రావడానికి కారణం' అన్న ప్రశ్న కింద నేనే మూడు గడులు పెట్టాను: భయం, అవగాహన లేకపోవడం, నిర్లక్ష్యం. మిగతా నర్సులు బుద్ధిగా టిక్కులు పెట్టి పంపారు. ఈవిడ మాత్రం గడులన్నీ ఖాళీగా వదిలేసి, కాగితం వెనక చీమల బారులా ఏదేదో రాసి పంపింది. నాకు ఒళ్లు మండింది. నాలుగు చీవాట్లు పెడదామని నేనే బయల్దేరాను.

మెయిన్ రోడ్డు దగ్గర గొడుగుతో ఎదురొచ్చింది. "చీవాట్లు దారిలో పెడుదురుగానీ, నడవండి సార్," అంది. ఏడు కిలోమీటర్లు. నాకు రొప్పడంతోనే సరిపోయింది. మాట్లాడిందంతా ఆవిడే.

మేం వెళ్తున్నది ఒక తాపీమేస్త్రి ఇంటికి. అతని భార్య పోయి నాలుగు నెలలైంది. 'ఇంటివారి నిర్లక్ష్యం వల్ల ఆలస్యం' అని ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాసిచ్చారు. దారులన్నీ మూసేయడంతో కూతురు పట్నం హాస్టల్లో ఇరుక్కుపోయి, అంతా అయిపోయాక వచ్చింది. ఆ కాగితం చదివింది. అప్పటినుంచి తండ్రికి అన్నం పెడుతుంది, కంచం తీస్తుంది, ఒక్క మాట మాట్లాడదు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మమ్మల్ని చూసి కూతురు లోపలికి వెళ్లిపోయింది.

"నా మూలంగానే పోయిందని రాసుకోండమ్మా," అన్నాడు మేస్త్రి తల వంచుకుని.

ఎందుకమ్మ సంచిలోంచి కొత్త ఫారం తీసి వెనక్కి తిప్పింది. "అది తర్వాత. ఆయాసం ఎప్పుడు మొదలైంది?"

"తెల్లారగట్ల నాలుగింటికి."

"అంబులెన్సు ఎందుకు పిలవలేదు?"

"సిగ్నల్ లేకపోతే నీళ్ల ట్యాంకు ఎక్కి పిలిచాను. ఉన్నది ఒక్కటే, వేరే ఊరికి పోయిందన్నారు."

"మన సబ్‌సెంటరుకి ఎందుకు రాలేదు?"

"వచ్చానమ్మా. తాళం వేసుంది. అప్పుడు మీరే జ్వరంతో పడున్నారు కదా."

ఆమె పెన్ను ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత అదీ రాసింది: నర్సుకు జ్వరం, ఆమె బదులు ఎవరినీ వేయలేదు.

"బస్సులు లేవు. సిమెంటు తోసే బండి కడిగి, దుప్పటి పరిచి, మా ఇంటిదాన్ని అందులో పడుకోబెట్టి రోడ్డు దాకా తోసుకుపోయాను. పాల వ్యాను ఎక్కించుకుంది. మొదటి ఆసుపత్రిలో ఆక్సిజన్ లేదన్నారు. రెండోదానికి చేరేసరికి ఒంటిగంట."

"ఆ తొమ్మిది గంటల్లో ఎక్కడైనా కూర్చున్నావా మేస్త్రీ?"

అతను నిజంగానే ఆలోచించాడు. "లేదమ్మా. దానికి నీళ్లు పట్టడానికి ఒకసారి వంగాను, అంతే."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఫారం అందుకుని 'నిర్లక్ష్యం' అన్న మాటను నా చేత్తోనే కొట్టేసి తిరిగిచ్చాను. ఎందుకమ్మ తను రాసిందంతా మొదటినుంచి చదివింది, తలుపు అవతలికి కూడా వినపడేంత గట్టిగా. చివరి వాక్యం ఇది: 'భర్త ఆలస్యం చేయలేదు.'

తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, బండిలో అమ్మ ఏమైనా మాట్లాడిందా?"

మేస్త్రి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"'మెల్లగా తోయవయ్యా, నీకు ఆయాసం వస్తుంది' అందమ్మా."

కూతురు అక్కడే, ఆయన పక్కన నేల మీద కూర్చుండిపోయింది.