యాపిల్ రసంలో ఉసిరికాయ

నాన్నకు రక్తకణాలు పెరిగాయనీ, రేపు పొద్దున ఇంటికి తీసుకెళ్ళొచ్చనీ డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు సంతోషం కంటే ముందు దిగులు కలిగింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పక్కనే నిలబడి అమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటోంది. నేను మంచం కింద మిగిలిన యాపిల్ పళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. రేపటి నుంచి వీటిని పట్టుకుని ఎదురుగా ఉన్న జ్యూస్ కొట్టుకు వెళ్ళే పని ఉండదు.

అది మూడేళ్ళ కిందటి ఆశ్వయుజం. దసరా వెళ్ళినా వానలు వెళ్ళలేదు. తెనాలిలో ఏ వీధిలో చూసినా డెంగ్యూ. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న చిన్న ఆసుపత్రిలో నాన్నను చేర్చాం. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి ఎవరొచ్చినా యాపిల్ పళ్ళే తెస్తారు. అందులోనూ కాశ్మీరు సరుకు దిగే రోజులు, బండ్ల మీద చవగ్గా దొరుకుతున్నాయి. రెండు రోజులకే మా మంచం కింద చోటు లేకుండా పోయింది.

పక్క మంచం కింద ఇంకా ఎక్కువ. ఆ మంచం మీద రేపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆమెకీ అదే జ్వరం. వాళ్ళ చర్చివాళ్ళు గుంపుగా వచ్చి, ప్రార్థన చేసి, తలా ఒక సంచి పెట్టి వెళ్ళేవారు. ఆమెకు తోడుగా ఉన్నది కొడుకు.

"మీ పళ్ళూ మా పళ్ళూ కలిపితే బండి పెట్టుకోవచ్చండి" అన్నాడతను మొదటిసారి. నేను నవ్వి తల దించుకున్నాను.

జబ్బు మనుషులు నమలలేకపోతున్నారు. జ్యూస్ కొట్టాయన మన పళ్ళు మనం తీసుకెళ్తే మిక్సీలో వేసి ఇస్తాడని నర్సు చెప్పింది. అలా సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్ళాం. వానకు బేరాలు లేక కూర్చున్న కొట్టాయన "మీరే చేసుకోండమ్మా, నాకు నడుం నొప్పి" అని స్టూలు జరుపుకున్నాడు.

అతని చేతులు కదిలే తీరు చూస్తే ఇది అతని పనేనని తెలిసిపోయింది. బాపట్ల సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో కాక్‌టెయిళ్ళు కలుపుతాడట.

"అమ్మకి మాత్రం వంటింట్లో పనని చెప్పానండి. మందు కలుపుతానని తెలిస్తే రేపల్లె మొత్తాన్నీ ప్రార్థనకి పిలుస్తుంది" అని గొంతు తగ్గించాడు. "ఈ నెల వస్తే చాలు, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు యాపిల్ కాక్‌టెయిలే అడుగుతారు. శరత్కాలమట. దాల్చినచెక్క వాసన రావాలట. బయట చూస్తే అందరికీ చెమటలు కారుతుంటాయి."

"మందు లేకుండా కాక్‌టెయిల్ ఏంటండి?" అన్నాను. అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"మందు పొయ్యడం ఎవరికైనా వచ్చండి. తీపి, పులుపు, ఘాటు, ఏదీ రెండోదాన్ని నొక్కెయ్యకుండా చూడటమే కష్టం."

పెద్దవాళ్ళకు మామూలు రసం పట్టుకెళ్ళేవాళ్ళం. ప్రయోగాలు మాకు. కుదిరినవి కొంచెం నాన్నకూ పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు యాపిల్ రసంలో నిమ్మకాయ పిండి, కొంచెం ఉప్పు వేసి, గోలీసోడా పోశాడు. ఇంకో రోజు దాల్చినచెక్కా మిరియాలూ బెల్లంతో మరిగించి, ఆ వేడి పాకంలో రసం కలిపాడు. మొదటి గుక్క ఎప్పుడూ నాకే ఇచ్చి, "ఏం తక్కువైందండి?" అని అడిగేవాడు. మా ఇంట్లో ఆ సంగతి చెప్పేది నాన్న. నన్నెవరూ అడగరు.

"బాగుందండి."

"ఆ మాట మా మేనేజరు కూడా అంటాడండి. ఏం తక్కువైంది?"

మర్నాడు తల ఎత్తకుండానే "వగరు లేదు" అన్నాను. అతను మిక్సీ ఆపేశాడు. నేను గొడుగేసుకుని పక్క బండి దగ్గరికి వెళ్ళి అప్పుడే కొత్తగా వస్తున్న ఉసిరికాయలు తెచ్చాను. కోరి, పిండి, కలిపాం. అతను ఒక గుక్క తాగి గ్లాసు కొట్టాయన వైపు జరిపాడు. కొట్టాయన కూడా తాగి, తర్వాత మంచినీళ్ళు పోసుకుని, "ఓరి నీ... నీళ్ళు కూడా తియ్యగున్నాయే!" అన్నాడు.

ఆ రోజు గ్లాసు తీసుకెళ్తే నాన్న దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "రోజుకో రంగులో తెస్తున్నావేంటమ్మా? నా మీద పరీక్షలా?"

"తాగండన్నయ్యగారూ" అంది పక్క మంచం ఆవిడ. "పిల్ల మావాడితో మాట్లాడుతోంది, అదే పదివేలు. వచ్చినరోజు మూగపిల్ల అనుకున్నాను." వార్డంతా నవ్వింది. నేను ఫ్లాస్కు కడిగే వంకతో బయటికి వచ్చేశాను.

అతను నా పేరు అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే బాగుండునని రోడ్డు దాటే ప్రతిసారీ అనుకునేదాన్ని. డాక్టరు గారు ఇంటికి వెళ్ళొచ్చన్న ఆ సాయంత్రం, ఇక నేనే అడగాలని ఒక వాక్యం కూర్చుకున్నాను: బాపట్ల సముద్రం చూడాలంటే ఎప్పుడొస్తే బాగుంటుందండి? కొట్టులో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను వేడి రసం గ్లాసులో పోసి నా వైపు జరిపి, చూస్తున్నాడు.

"నిమ్మకాయ ఇంకొంచెం పిండండి" అన్నాను.

ఇప్పటికీ ఉసిరికాయలు వచ్చే రోజుల్లో ఇంట్లో ఆ రసం చేస్తాను. ఒంటికి మంచిదని అమ్మ పక్కింటివాళ్ళకు కూడా పోసిస్తుంది. అందరూ బాగుందనే అంటారు. పోయిన కార్తీకంలో ఆఫీసువాళ్ళతో బాపట్ల సముద్రానికి వెళ్ళాను. దారిలో ఒక రిసార్టు గేటు దగ్గర వ్యాను కాసేపు ఆగింది. లోపల ఎవరైనా కనబడతారేమోనని తొంగిచూసి, నిజంగానే ఎవరో ఇటు వస్తుంటే కిటికీ అద్దం మూసేశాను. ఆ వచ్చిన మనిషి ఎవరో నాకు తెలియదు.

ఆ ఏడు నాన్న ఇంటికొచ్చాక రెండు సాయంత్రాలు సంచిలో పళ్ళు వేసుకుని ఆసుపత్రి వీధి మలుపు దాకా వెళ్ళాను. ఏమని వెళ్ళాలి? ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి? రెండుసార్లూ తిరిగి వచ్చేశాను. ఆదివారం పొద్దున మాత్రం లోపలికి వెళ్ళాను. పెద్దావిడ మంచం మీద ఇంకెవరో ముసలాయన ఉన్నాడు.

మేము ఇంటికి బయల్దేరిన పొద్దున మా బకెట్టూ దుప్పట్లూ అతనే కిందికి మోసుకొచ్చి ఆటోలో సర్దాడు. మిగిలిన పళ్ళు అమ్మ వాళ్ళకే ఇచ్చేసింది. "అమ్మగారిని జాగ్రత్తగా చూసుకో బాబూ" అన్నాడు నాన్న. అతను నాన్నకు తల ఊపాడు. ఆటో స్టార్టయ్యాక, పక్క కడ్డీ మీద నుంచి చెయ్యి తియ్యకుండా నా వైపు చూసి అన్నాడు:

"మేము శనివారం దాకా ఇక్కడే ఉంటామండి."