ఉప్పు వేయని చెయ్యి

మా అమ్మమ్మ సారమ్మ వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సు. ఏళ్ళ తరబడి క్యాజువాలిటీలోనే పనిచేసింది. కరెంటు పోయినా పేషెంటు నరం దొరికించుకునే ఆ మనిషికి, ఇంట్లో తన కళ్ళద్దాలు మాత్రం దొరికేవి కావు. తలమీదే ఉన్నాయంటే, "నాకెరిక లేదా?" అని నన్నే కసిరేది.

ఎనభైల్లో మా చుట్టుపక్కల పత్తి చేలు పెరిగాయి. ఇంటింటా గూట్లో పురుగుల మందు డబ్బా ఉండేది. కోపమొచ్చినా, దుఃఖమొచ్చినా చెయ్యి దాని మీదికే పోయేది. తాగినవాళ్ళను నెక్కొండ నుంచి, తొర్రూరు నుంచి జీపుల్లో తెచ్చేవారు. ఆ రోజుల్లో ముందు చేసే పని కక్కించడం. చెంబు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి తాగించేవారు. ఆ పని అమ్మమ్మది.

ఒక మధ్యాహ్నం పూలమ్మ అనే అమ్మాయిని తెచ్చారు. కొత్తగా పెళ్ళయింది, కాళ్ళ పసుపు ఇంకా పోలేదు. తెలివిలోనే ఉంది. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "సిస్టరమ్మా, ఉప్పెక్కువైంది" అన్నది, కూర రుచి చెప్పినట్టు. "తాగాలె బిడ్డా" అని అమ్మమ్మ మిగతాదీ పోసింది. పొద్దుగూకేసరికి పూలమ్మ చనిపోయింది. అమ్మమ్మ చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి వంకాయ కూర వండింది. అందులో ఉప్పు లేదు.

మరునాడూ లేదు. ఆ తర్వాతా లేదు. పూలమ్మ సంగతి అప్పటికి మాకు తెలియదు. మా తాత కృపానందం కాజీపేటలో రైలు గార్డు. తనకు బీపీ వచ్చిందేమో, ఆ మాట డాక్టర్లు తనకు దాచి భార్యకు చెప్పారేమో అని హడలిపోయాడు. చివరికి అగ్గిపెట్టెలో ఉప్పు పోసుకుని జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ వంటింట్లోకి పోగానే నాకూ ఒక చిటికెడు పంచేవాడు. ఒకనాడు అదే అగ్గిపెట్టెతో చుట్ట వెలిగించబోయాడు.

"తాతా, ఉప్పుతోని చుట్ట అంటుకుంటదా?"

"సప్పుడు జెయ్యకు. అమ్మమ్మ ఇంటది."

ఆమె ఏదీ విన్నట్టు కనబడేది కాదు. చర్చిలో పాట పుస్తకం తెరిచి, నోరు మూసుకుని నిలబడేది. సొంత చెల్లెలు పోతే, శవం మీది దుప్పటి అంచులు ఆస్పత్రి మంచానికి సర్దినట్టు సర్ది, వచ్చి పడుకుంది. ఏడవలేదు.

ఇల్లు ఏదోలా నెట్టుకొచ్చింది. దవాఖాన ఊరుకోలేదు. మరొక మందు తాగిన మనిషి వచ్చిన రోజు, ఉప్పు డబ్బా ముందర అమ్మమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వేరే నర్సు కలిపింది. పెద్ద సిస్టర్ మరియమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"గురువారం మనసు డాక్టర్ వస్తాండు. పోయి కలువు. లేకుంటే క్యాజువాలిటీల ఉంచలేను సారమ్మా, స్టోర్లకు పంపాల్సి వస్తది."

"నాకేమన్న పిచ్చా అక్కా?"

"పిచ్చి లేదు. గని నువ్వు గూడ లేవు."

స్టోరులో దూది కట్టలకు కాపలా కూర్చోవడమంటే అమ్మమ్మకు చచ్చినంత పని. అందుకే వెళ్ళింది, తెలిసినవాళ్ళు చూస్తారని నెత్తిన కొంగు కప్పుకుని.

డాక్టర్ కిషన్ రావు ఏమనిపిస్తోందని అడిగాడు.

"ఏమనిపిస్తలేదు సార్."

"అదెట్లుంటదో చెప్పు, సిస్టర్."

అమ్మమ్మ నర్సు మాటల్లోనే చెప్పింది. "మత్తు సూది ఇచ్చి కోస్తె, కోస్తాండ్రని ఎరుకైతది. నొప్పి ఉండది. గట్లుంటది."

కొన్ని గురువారాల తర్వాత పూలమ్మ మాట బయటికొచ్చింది. "చంపింది మందు, ఉప్పు కాదు" అన్నాడాయన. "ఎరికే సార్. ఎరికైనా ఉప్పు మీదికి చెయ్యి పోతలేదు" అంది. ఆయన ఇక వాదించలేదు. మాత్రలు రాసి, రోజూ కాసేపు ఉప్పు పిడికిట్లో పట్టుకుని కూర్చోమన్నాడు. వండనక్కర లేదు, మళ్ళీ జాడీలో పోసేయొచ్చు.

గడప మీద పిడికిలి బిగించి కూర్చునేది. "కోళ్ళకు గింజలేస్తానవా అమ్మమ్మా?" అన్నాను.

"నీ నోట్లె పోస్త."

ఎన్నాళ్ళకో వచ్చిన తిట్టు. తాతకు పరుగెత్తుకెళ్ళి చెప్పాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పప్పు వండింది. ఉప్పు వేసింది, కానీ ఇన్నాళ్ళదీ ఒకేసారి వేసినట్టుంది. తాత ఒక ముద్ద తిన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు?

"సారా, ఉప్పెక్కువైంది."

అమ్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మెల్లగా ఆయన కంచం పక్కన కూర్చుంది.

"ఒక పిల్ల గట్లనే అన్నది" అని మొదలుపెట్టింది. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకు అప్పగించినట్టు, పేరు, ఊరు, ఏం తాగింది, తనేం తాగించింది, అన్నీ ఒకే గొంతుతో చెప్పింది. కన్నీళ్ళు రాలేదు. తాత చేతికి అన్నం ఎండిపోయింది.

అంతా విని, "ఇంకింత బువ్వ పెట్టు, కలుపుకుంట" అన్నాడు. పెట్టింది. మొత్తం తిన్నాడు. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఎరికే" అన్నది అమ్మమ్మ. "నీ చుట్ట పొయ్యికాడ అంటించుకుంటానవంటెనే సమజైంది."

మరునాడు డ్యూటీకి పోయింది. ఆ వారంలోనే మందు తాగిన రైతును తెచ్చారు. ఉప్పు నీళ్ళు ఆమే కలిపింది. స్టోరు మాట మళ్ళీ రాలేదు. గురువారాలు మాత్రం మానలేదు.

ఆ రైతుకు ఉప్పు నీళ్ళు కలిపిన సాయంత్రం నేనే అడిగాను, ఏమనిపించిందని.

"ఏమనిపియ్యలే" అన్నది. "గని చెయ్యి వోయింది."