దేవకాంచనానికి క్రిస్మస్ క్షవరం

నేనూ మా చెల్లెలూ ఒకేనాడు ఒకే నర్సరీలో రెండు దేవకాంచనం మొక్కలు కొన్నాం. ఒకటి నంద్యాలలో మా వాకిట్లోకి, ఇంకొకటి ఆళ్లగడ్డలో వాళ్ల పెరట్లోకి. ఈస్టర్ వేళకు విరగబూస్తాయని నర్సరీ అతను చెప్పాడు. మా ఇంటి పూలతో ఒక్క ఈస్టరుకైనా చర్చిలో బల్లను అలంకరించాలని నా ఆశ.

చెల్లెలి చెట్టు ఏటా పూసేది. మాది ఆకులేసుకుని ఊరుకునేది. మా ఆయన పనిమంతుడు. వాకిట్లో పరిచిన బేతంచెర్ల బండల మీద ఒక్క ఆకు రాలినా ఓర్వడు. పాదు, ఎరువు, నీళ్లు, ఏదీ తక్కువ చేయడు. క్రిస్మస్ ముందు ఇంటికి సున్నం వేయించి, చెట్టుకూ గుండ్రంగా క్షవరం చేసి, దాని నెత్తిన నక్షత్రం కడతాడు. చెల్లెలి మొగుడైతే ఇటు పుల్ల తీసి అటు పెట్టడు. ఆ తేడా తలచుకుని నేను లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఒక మార్చిలో మేమిద్దరం ఆళ్లగడ్డ వెళ్తే, ఆ చెట్టు కొమ్మ కనపడకుండా గులాబీ రంగులో పూసి ఉంది. దాని కింద మంచమేసుకుని చెల్లెలి మొగుడు పడుకున్నాడు.

“ఏం ఎరువేస్తాండావప్పా?” అని మా ఆయన నిలదీశాడు.

“ఎరువా? నేను దాని జోలికే పోలేదన్నా,” అని మరిది అటు తిరిగి పడుకున్నాడు.

పూలన్నీ పాత కొమ్మల చివర్లలోనే ఉన్నాయి. సరిగ్గా క్రిస్మస్‌కు మా ఆయన కత్తి పడే చోటు. పూసే కొమ్మలన్నీ శుభ్రంగా నరికేసి, పూయలేదని ఏటా చెట్టును తిడుతున్నాడన్నమాట. తిరుగు బస్సులో ఆ మాట ఆయనకు చెప్పాను.

ఆ క్రిస్మస్‌కు కత్తి ముట్టనని ఒప్పుకున్నాడు గానీ, వారమంతా కాలుగాలిన పిల్లిలా చెట్టు చుట్టూ తిరిగాడు.

“జుట్టు పెరిగిన పిచ్చోని మాదిరుంది. వచ్చినోళ్లు ఏమనుకుంటారు?” అని సణిగాడు. నవ్వొచ్చింది, జాలీ వేసింది.

ఈస్టర్‌కు చెట్టు నిండా పూలు. ముందురోజు సాయంత్రం నేను బుట్ట తీసుకుని వెళ్తే, చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

“ఒక్క కొమ్మ తుంచినా బాగుండదు, చెప్తాండా.”

“చర్చికే కదా. దేవునికి!”

“దేవునికి ఈడికి దారి తెల్దా? వచ్చి చూసుకుంటాడులే.”

ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన మొహం చూసి, ఖాళీ బుట్టతోనే ఇంట్లోకి వచ్చేశాను. మర్నాడు ఆరాధన కాగానే పాస్టరుగారితో సహా చర్చికి వచ్చిన వాళ్లందరినీ మా వాకిట్లోకి పిలుచుకొచ్చి, ఎవరూ చెట్టు మీద చెయ్యి వేయకుండా కాపలా కాశాడు.