సీనా సార్ తప్పన్న జవాబు

"ఏమన్నా, తెలిసే తప్పంటిరా?"

పోటీ జరిగిన మర్నాడు పొద్దున, టీ గ్లాసు ఇవ్వకుండా తన చేతిలోనే పట్టుకుని కర్పగం అడిగింది. బాలగురుస్వామి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆయన పుట్టింది తమిళనాడులోని తళవాయిపురంలో, తెలుగింట. బతుకంతా రాజపాళయంలో, ఒక బ్యాండేజీ గుడ్డ కంపెనీ లెక్కల గదిలో గడిచింది. ఇప్పుడు యాభై తొమ్మిది. ఎప్పుడో తపాలా కోర్సులో చరిత్ర ఎం.ఏ. చేశాడు. కంపెనీలో దానితో పనిలేదు, ఇంట్లో దాని ఊసెత్తితే భార్య ఇందిరాణి మిక్సీ వేస్తుంది. ఇక మిగిలింది సేత్తూరు బస్సులు ఆగే చోట కర్పగం టీ కొట్టు. పదకొండేళ్లపాటు సాయంత్రం ఆరింటికి అక్కడ ఆయనదొకటే వాదం: రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది 1939లో పోలండులో కాదు, 1937లో చైనాలో. ఆ ఊళ్లో చైనాని సీనా అంటారు. అలా ఆయన సీనా సార్ అయ్యాడు.

"పీకింగ్ పక్కన ఏటి మీద ఒక పాలం, అదే వంతెన. జపాను సిపాయి ఒకడు కనబడలే. వానికోసరం తుపాకులెత్తినారు. వాడు కొంచేపటికే తిరిగొచ్చినాడు, దండు మాత్రం తిరిగిపోలే. ఎనిమిదేండ్లు!"

"వాడు ఒంటికి పోయినాడంట కదా," అనేవాడు లారీ బుకింగు కన్నుసామి. "ఒకడు గట్టు పక్కకు పోయినందుకా సార్ అంతమంది చచ్చినారు? మరి హిట్లరు ఏమి, వడ తినేదానికి వచ్చినాడా?"

"యూరప్పోడు చస్తే ప్రపంచ యుద్ధం, మనట్లాంటోడు చస్తే పక్కింటి జగడమా?"

ఈ మాట పడ్డప్పుడల్లా కర్పగం వడల పళ్లెం ఆయన వైపు జరిపేది. సేత్తూరు రైతుబిడ్డ, పదో తరగతితో చదువాగిపోయింది. గిన్నెలు కడుగుతూ, పాలు తిరగబోస్తూ పదకొండేళ్లు విన్నది. విన్నది మరిచే మనిషి కాదు.

నిరుడు ఆగస్టులో కంపెనీ యజమాని రాజగోపాలన్ తన తండ్రి పేరిట క్విజ్ పెట్టాడు. ఎవరైనా రావచ్చన్నారు. 'జ్ఞానం అందరి సొత్తు' అని ఫ్లెక్సీ కట్టారు. ఆ మాట ఫ్లెక్సీ ఎక్కిందంటేనే సొత్తు ఎవరిదో తేలిపోయిందని అర్థం. ప్రశ్నలడిగే పని బాలగురుస్వామిది. చివరికి ఇద్దరే మిగిలారు: యజమాని మేనల్లుడు వినోత్, టీ కొట్టు కర్పగం. మొదటి బహుమతి ఐదు వేలు, రెండోది రెండు వేలు.

ఆఖరి ప్రశ్న కార్డు తీశాడు. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైంది?

బెల్లు కర్పగం కొట్టింది. "ముప్పై ఏడు, జూలై ఏడు. సీనాలో." చెప్పి, పొత్తు వ్యాపారంలో భాగస్థురాలిలా ఆయన వైపు చూసి నవ్వింది.

కార్డు మీద 1939 అని ఉంది. ముందు వరసలో యజమాని ఉన్నాడు. బాలగురుస్వామి భయపడ్డాడని రాస్తే అందరికీ హాయి: పాపం, ఉద్యోగస్తుడు, ఏం చేస్తాడు! కానీ రాజగోపాలన్ అప్పుడు ఫోను చూసుకుంటున్నాడు. ఈ విషయంలో రెండు వాదాలున్నాయని చెప్పి ఇంకో ప్రశ్న వేస్తే తల కూడా ఎత్తేవాడు కాడు. బాలగురుస్వామికి భయం వేయలేదు, నామోషీ వేసింది. భుజాన శాలువా, చేతిలో మైకు. ఈ మనిషి రోజూ బెంచీ మీద కూర్చుని అరిచేది ఇదేనని, ఆయన చదువంతా వడల నూనె వాసనేనని సభకు తెలిసిపోతుందనిపించింది.

"తప్పు," అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఇది పోటీ అమ్మా, టీ కొట్టు కబుర్లు కాదు," అని తమిళంలో చమత్కరించాడు. హాలు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది కన్నుసామి. వినోత్ 1939 అన్నాడు.

మర్నాడు కర్పగం అలా అడిగాక, ఆ మధ్యాహ్నం కొట్టు క్యూఆర్‌కు బహుమతుల తేడా మూడు వేలు పంపాడు. గంటలో వెనక్కి వచ్చాయి. సాయంత్రం వెళ్లక తప్పలేదు.

"మీ దుడ్డు నాకేలన్నా? మేడై మింద, స్టేజీ మింద పోయింది మేడై మిందే రావల్ల. నాదే సరి అనొద్దు. ఈ తగువు ఇంకా తీరలే, కర్పగం చెప్పిందీ ఒక లెక్కే అని మైకులో ఒక్క మాట చెప్పండి. అప్పుడు కంపెనీ దుడ్డు తీసుకొంటా."

"కంపెనీ అయ్యతో మాట్లాడతా అమ్మా."

"పదకొండేండ్లు మాట్లాడినారే, ఇదొకటి కష్టమా?"

యజమానితో చెప్పడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. రాజగోపాలన్ రెండు నిమిషాలు విన్నాడు. "దానికేమి సార్, వచ్చే ఏడు పోటీలో మీరే చెప్పి ఇచ్చేయండి," అన్నాడు. అడ్డం ఎవరూ లేరని తేలాక బాలగురుస్వామికి తలదాచుకునే చోటు లేకుండా పోయింది. అప్పటినుంచి కొట్టుకు పోకుండా కంపెనీ ఫ్లాస్కులో టీ తాగుతున్నాడు.

ఈ ఆగస్టులో మళ్లీ పోటీ జరిగింది. కర్పగం కొట్టు మూసి వచ్చి మూడో వరసలో కూర్చుంది. ఆయన నాలుగు వాక్యాలు రాసుకొచ్చాడు. మొదటి మూడూ చదివాడు: చరిత్రలో తేదీల గురించి పండితులకు భేదాభిప్రాయాలున్నాయి, మహాయుద్ధాల మొదలు గురించీ ఉన్నాయి, వినయమే విద్యకు అందం. చప్పట్లు కొట్టారు. ఆమె పేరున్నది నాలుగో వాక్యంలో. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కర్పగం లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

కంపెనీ ఆమెకివ్వాల్సిన మూడు వేల రూపాయలు ఇంకా ఇవ్వలేదు.