పనిచేస్తేనే వచ్చే పంటినొప్పి

పళ్ళ డాక్టరు గది బయట కూర్చోగానే లవంగనూనె వాసన ముక్కుకి తగిలింది. నాకు లవంగమంటే పడదు. పులావులో కనపడితే దొంగని పట్టినట్టు పట్టి కంచం అంచున కూర్చోబెడతాను. అలాంటిదాన్ని, కదులుతున్న ఒక్క పన్ను కోసం, వెళ్ళి వెళ్ళి శత్రువు గుమ్మంలోనే కూర్చున్నాను.

మా అమ్మమ్మగారిది చిలకలపూడి. నేను గౌన్లు తొడుక్కునే ఆ రోజుల్లో వీధిలో ప్రతి వసారాలోనూ ఓ కుంపటి, దాని ముందు ఇత్తడి ఊదుగొట్టం నోట పెట్టుకుని గిల్టు నగలు అతికే ఓ మనిషి. చింతపండు నీళ్ళలో తోముతున్న గాజులు, ఎవరింట్లోనో వేగుతున్న ఎండుచేపలు, మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, అన్నీ కలిస్తే మా ఊరి వాసన. మా పెదమావయ్య ఊదితే మంట సూదిమొనలా నిలబడేది. కుంపటి బూడిదలో చిలకడదుంప కాల్చి నాకిచ్చి, నా వేళ్ళు కాలితే వాటినీ తనే ఊదేవాడు.

ఓ వానాకాలం మావయ్యకి ఎడమ దవడ నొప్పి పట్టుకుంది. ఊదుతుంటే వచ్చేది. బందరు బజారుకి ఎదురుగాలిలో సైకిలు తొక్కుతుంటే చెమటతో, ఆయాసంతో వచ్చేది. దిగి కాసేపు నిలబడితే పోయేది. పంటిపోటన్నారు. లవంగం నలిపి పెట్టారు. సంతలో ఓ పన్ను పీకించారు, నొప్పి పోలేదు, ఇంకోటి పీకించారు. "సర్కారుకి కూడా ఇన్ని పన్నులు కట్టలేదే!" అని ఆ ఊడిన పళ్ళ సందులోంచే నవ్వేవాడు మావయ్య.

నవ్వనిది అమ్మమ్మ.

"పనిచేస్తేనే వస్తుందేంరా నీ నొప్పి? మంచమెక్కితే మాయం!"

"నిజమేనే అమ్మా..."

"అయితే కూర్చుని తెప్పించు, చూస్తాను!"

ఎలా తెప్పిస్తాడు? పనితో వచ్చి, ఆగితే ఆగిపోయే ఆ నొప్పి గుండె పెడుతున్న కేక అని మా వీధిలో ఎవరికీ తెలీదు. జబ్బుకి గుర్తైనదాన్నే బద్ధకానికి సాక్ష్యం చేశారు. తాతయ్య కొడుకుతో మాటలు మానేశాడు. చిన్నమావయ్య "దవడ దొరగారు" అని పిలిచేవాడు.

కార్తీకమాసం తిరనాళ్ళొచ్చాయి. వీధి చివర జీళ్ళ పాకం లాగుతున్నారు, ఇంటినిండా అతకాల్సిన గొలుసులు. పడుకున్న మావయ్యని అమ్మమ్మ రెక్క పట్టుకుని లేపింది. బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్నాడు. మంట సూదిమొనలా నిలబడి, ఒక్కసారిగా ఒరిగింది. గొట్టం దొర్లింది. మావయ్య గోడకి చేరగిలబడ్డాడు.

"చాల్లే నటన, లే!" అంది అమ్మమ్మ. బియ్యం చెరుగుతూ తిడుతూనే ఉంది చాలాసేపు, వినే మనిషి లేడని తెలీక.

లవంగం ఏ పాపమూ ఎరగదని నాకూ తెలుసు. అమ్మమ్మ మీద చూపించలేని కోపం దానిమీద చూపిస్తున్నాను, అంతే.

ఇప్పుడా వసారాల్లో కుంపట్లు లేవు, ఊదేవాళ్ళు లేరు, గ్యాసు మంటలొచ్చాయి. ఈ వాసన మాత్రం మిగిలిందనుకుంటుంటే పక్క కుర్చీలో ఆవిడ అంటోంది: "మెట్లెక్కమంటేనే ఈయనకి దవడ నొప్పండీ! టీవీ ముందు ఏ నొప్పీ ఉండదు." ఆయన నుదుటినిండా చెమట.

ఆయన చేతిలో పళ్ళ డాక్టరు నంబరు చీటీ లాక్కున్నాను. "ఇది పన్ను కాదండీ, గుండె అయ్యుంటుంది. ఇప్పుడే పెద్దాసుపత్రికి పదండి."

"మీరేమైనా డాక్టరా?" అంది ఆవిడ.

"కాదండీ, మేనకోడల్ని."

మారుమాట్లాడనివ్వకుండా ఆటో ఎక్కించాను. ఆవిడ నన్ను తిట్టి, ఆయన్ని తిట్టుకుంటూ వెళ్ళింది. తిట్టనీ. ఆ తిట్లు వినడానికి మనిషి ఉన్నాడు.