పోస్తే తగ్గే పెట్రోలు

మా ఆయన్ని సముద్రంలో పడేసినంత పని చేశాను. అదీ చిరునవ్వుతో, చేతికి గ్లవ్స్ తొడుక్కుని. ఎలాగో చెబుతాను, మా అత్తగారి చెవిన మాత్రం వేయకండి.

అప్పుడు మేం బహ్రెయిన్‌లో, హూరాలో ఉండేవాళ్ళం. మా ఆయన పనిచేసే కంపెనీ యజమాని యూసుఫ్ గారికి సొంతంగా విమానం కట్టుకోవాలని పిచ్చి. సనాబిస్‌లో ఆయన షెడ్డు నిండా విమానం ముక్కలే. అది ఎగిరిన రోజున పక్క సీటు మా ఆయనదని మాట కూడా ఇచ్చేశాడు. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. లోపల ఎంతుందో మీటరు ముల్లుకి చెప్పడానికి ఒక్కోదాంట్లో ఒక సెండర్ బిగించాలి. కడ్డీ చివర తేలే బెండు, అంతే. కానీ అది బిగించాల్సిన రంధ్రంలో మగవాళ్ళ చేతులు పట్టలేదు. నా గాజుల సైజు రెండు నాలుగు. ఇంకేం, విమానయానం నా చేతిలో పడింది.

ఒక శుక్రవారం చర్చి నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాం. తొమ్మిది నెలల పాపని ఏసీ దగ్గర పడుకోబెట్టి, ఎలా బిగించాలో రాసిన కాగితం చూస్తూ ఎడమ ట్యాంకు ముగించాను. కుడిదానికి మళ్ళీ కాగితమెందుకు? బీఎస్సీ ఫిజిక్స్, ఫస్ట్ క్లాసు, పైగా ఒక ట్యాంకు అనుభవం. అచ్చం అలాగే బిగించాను. మా ఆయన ప్రాణం కదా, లీకవకుండా సీలెంటుని గారెల పిండిలా రెండింతలు మెత్తాను.

రెండు వారాలకి పరీక్ష. ఎడమ ట్యాంకులో పోస్తే ముల్లు బుద్ధిగా లేచింది. కుడి ట్యాంకు ఖాళీగా ఉండగానే ముల్లు నిండుగా చూపించింది. పోసేకొద్దీ ముల్లు దిగింది.

"సిస్టర్, ఈ ట్యాంకు పోసినదంతా తాగేస్తోంది," అన్నాడు యూసుఫ్.

తప్పంతా వైర్లదేనని నేను వాదించాను. మా ఆయన పాపం వైర్లు తిరగేశాడు, మళ్ళీ మార్చాడు. ముల్లు మాత్రం మారలేదు. చివరికి ట్యాంకు ఖాళీ చేసి, నా పౌడరు అద్దం లోపల పెట్టి చూశాం. కుడి సెండర్‌ని తిప్పి బిగించాలని కాగితంలో ఉందట, లేకపోతే బెండు లేచేకొద్దీ ముల్లు దిగుతుంది. నేను ఒకే చేతికి రెండు జాకెట్టు చేతులు కుట్టిన దర్జీలా రెండూ ఒకే వైపుకి పెట్టాను.

"పోనీలేవే, నిండు అంటే ఖాళీ అని పక్కన రాసుకుందాం," అన్నాడు మా ఆయన.

"గాల్లో ఎవరు చదువుతారండీ? ఆ సీట్లో కూర్చునేది మీరు."

ఆ మాట అన్నాకే అదంతా నా కళ్ళకి కట్టింది. ట్యాంకు ఖాళీ, ముల్లు నిండు అంటోంది, కింద సముద్రం, పక్క సీట్లో మా ఆయన.

సీలెంటు గీకి, సెండర్‌ని తిప్పి బిగించడానికి మూడు శుక్రవారాలు పట్టింది. అంత గట్టిగా మెత్తిన మహాతల్లి ఎవరని యూసుఫ్ ఒక్కసారి కూడా అడగలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

విమానం ఎగిరింది, దిగింది. పై నుంచి సముద్రం ఎలా ఉందని మా ఆయన్ని అడిగాను.

"చూడలేదు," అన్నాడు. "కుడి ముల్లునే చూస్తూ కూర్చున్నాను. బిగించింది నువ్వు కదా."

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎడమ, కుడి ఉన్న ఏ వస్తువునీ ఇక నా చేత్తో ముట్టను. పాప చెప్పులు కూడా వాళ్ళ నాన్నే తొడుగుతాడు.