అటక మీది బూట్లు

మా ఊరి తిమ్మప్ప కూతురు వనజాక్షి ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. కుందుర్పి మండలంలో వానను నమ్ముకొని వేరుశనగ పండించే కుటుంబం వాళ్లది. తెల్లవారకముందే లేచి, ఎర్రమట్టి దారి వెంట కుందుర్పి కొండ కనిపించే మలుపు దాకా పరుగెత్తి, తిరిగొచ్చి పేడ ఎత్తి, నీళ్లు మోసి, సాయంత్రం మళ్లీ అదే దారి పట్టేది. బడిలో నా దగ్గర చదువుకున్న రోజుల్లోనూ అంతే. పాఠం వింటున్నంతసేపూ బల్ల కింద పాదాలు ఆడుతూనే ఉండేవి.

ఆమె పరుగెత్తింది పోలీసు కానిస్టేబులు ఉద్యోగం కోసం. రెండువేల ఒకటిలో జరిగిన ఎంపిక పరుగులో తప్పిపోయింది. శక్తి చాలక కాదు. తమ్ముడు వంశీ బడికి తొడిగి విడిచిన తెల్ల కాన్వాసు బూట్లతో వెళ్లింది. సగం దూరంలో కుడి బూటు అడుగు ఊడి నాలుకలా వేలాడింది. అది అడుగడుగునా మడతపడుతుంటే కాలు ఈడ్చుకుంటూ గీత దాటేసరికి గడువు ముగిసింది. ఆ మరుసటి సంవత్సరం తప్పితే వయోపరిమితి దాటిపోతుంది. ఉద్యోగ ప్రకటనను పత్రిక నుండి కత్తిరించి భద్రపరిచాను కనుక ఇది ఊహతో చెబుతున్న మాట కాదు. ఆమెకు మిగిలింది ఒకే ఒక్క పరుగు. దానికి సరైన బూట్లు కావాలి.

ఆ సంగతి తెలియగానే, జన్మలో బస్సు కోసమైనా పరుగెత్తని వాళ్లంతా మా ఊళ్లో బూట్ల పండితులైపోయారు. బరువైనవైతేనే నేలను పట్టుకుంటాయని ఒకరు, ఎత్తు మడమ ఉండాలని ఒకరు. ఆడపిల్లకు పరుగెందుకన్న వాళ్లు కూడా ఏ రంగు కొనాలో చెప్పడం మానలేదు. తెలియని విషయంలో నోరు మూసుకోవడం మనకు ఎవరూ నేర్పలేదు.

రెండువేల రెండు ఎండాకాలంలో తండ్రీ కూతుళ్లు కళ్యాణదుర్గం బయలుదేరారు. నాకూ పోస్టాఫీసులో పని ఉండి వెంట వెళ్లాను. పొద్దున్నే పోదామని తిమ్మప్ప అంటే ఆమె ఒప్పుకోలేదు. నడిచి నడిచి పాదాలు కాస్త ఉబ్బిన వేళకే కొలత చూసుకోవాలని పట్టుబట్టింది. మేము బదరీనారాయణ చెప్పుల అంగడి మెట్లెక్కేసరికి మధ్యాహ్నం దాటింది.

తిమ్మప్ప చెయ్యి నేరుగా ఒక నల్ల జత మీదికి పోయింది. "ఇవి చూడు పాపా. అడుగు ట్రాక్టరు టైరు మాదిరి ఉండాది."

"బరువు కూడా ట్రాక్టరు మాదిరే ఉండాది నాయనా."

"ఒక సైజు పెద్దవి తీసుకో అన్నా," అన్నాడు బదరీనారాయణ. "ముందర గుడ్డ కుక్కితే సరిపోతాది. రేపు మీవాడు వంశీ కూడా తొడుక్కుంటాడు."

"పరుగెత్తేది నేనా, వాడా శెట్టన్నా?"

వీధిలో కొంచెం దూరం పరుగెత్తి చూస్తానని ఆమె అడిగింది. అడుగుకు మన్నంటితే మళ్లీ పెట్టెలో పెట్టుకోలేనని ఆయన అన్నాడు. అందులో న్యాయం ఉంది. చివరికి అంగట్లోనే గోనె పట్టాలు పరిచాడు. ఆమె ఒక్కో జతనూ తొడిగి ఆ పట్టాల మీద ఎగిరింది, గోడ దాకా పరుగెత్తి మళ్లింది, వేళ్లు ముందు తగులుతున్నాయేమో వంగి నొక్కి చూసుకుంది. మెరిసేవాటిని, మెత్తటివాటిని పక్కకు నెట్టి, ఎవరి కంటికీ ఆనని ఒక బూడిదరంగు జత దగ్గర ఆగింది.

"ఇవి తొడిగితే కాలికి ఏమీ లేనట్టే ఉండాది."

"ఏమీ లేనట్టుండేదానికి నాకు దుడ్లెందుకమ్మా, ఉత్తకాళ్లతోనే పోకూడదా?" అన్నాడు బదరీనారాయణ. తిమ్మప్ప మీసాల చాటున నవ్వాడు.

ఎంపిక సరైనదే. తప్పు ఆ తరువాత జరిగింది.

ఇంటికి రాగానే తిమ్మప్ప ఆ పెట్టెను ప్లాస్టిక్ కవరులో చుట్టి, తాడుతో బిగించి, విత్తనపు కాయల సంచుల పక్కన అటక మీద పెట్టాడు. పరుగు రోజు దాకా ఎవరూ ముట్టకూడదన్నాడు. వనజాక్షి పాత బూట్ల అడుగును నారతాడుతో కట్టుకుని మళ్లీ ఎర్రమట్టి దారి పట్టింది.

ఇది విని నేను ఊరుకోలేకపోయాను. కొత్త బూట్లు పాదానికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుందని ఒక వైద్యుడు పత్రికలో రాసిన వ్యాసం నా దగ్గర ఉండేది. దాన్ని తీసుకెళ్లి తిమ్మప్పకు చదివి వినిపించాను.

ఆయన ఓపికగా విన్నాడు. "రాసినాయన ఎప్పుడన్నా విత్తనం ఏసినాడా సార్?"

"బూట్లకూ విత్తనానికీ ఏం సంబంధం?"

"నేల పదును కాకముందే సంచి ఇప్పితే యాడికి పోతాది విత్తనం? ఇవీ అంతే. ఇప్పటి నుంచే అరగదీస్తే ఆ పొద్దుకు ఏం మిగుల్తాది? పోయినేడు పాప తప్పింది అరిగిపోయిన బూట్లతోనే కదా."

ఆ మాటలో ఒక తర్కం ఉంది. అందుకే నాకు మరింత కోపం వచ్చింది. కరువు నేర్పిన జాగ్రత్త అది. కొత్త పంచెను పెట్టెలో దాచి చెదలకు అప్పగిస్తాం, కొత్త గ్లాసులను చుట్టాల కోసం దాచి సత్తు లోటాతో నీళ్లు తాగుతాం. బతుకులో మంచిదేదైనా రాబోయే రోజుకే చెందుతుందని నమ్మి, ఉన్న రోజును చింపిరి గుడ్డలతో గడిపేస్తాం. ఆ రోజు వచ్చేసరికి ఆ వస్తువు మనకు కొత్త, దానికి మనం కొత్త.

ఆ యేడు వాన కూడా సతాయించింది. తిమ్మప్ప కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి వాకిట్లోకి పోయి పడమటి దిక్కు మబ్బుల కోసం చూసి వచ్చేవాడు. వనజాక్షి అన్నం తింటూ తింటూ తల ఎత్తి అటక వైపు చూసేది. "ఒకరు మోడాలు చూస్తారు, ఒకరు అటక చూస్తారు. మీ ఇద్దరి మొగాలు చూసే ఖర్మ నాది," అనేది తల్లి వెంకటలక్ష్మమ్మ.

ఎంపికకు రమ్మని కబురు వచ్చింది. గడువు పట్టుమని రెండు వారాలు లేదు. ఆ పొద్దున తిమ్మప్ప బీడు చేనులో ఒక కోడెదూడకు కాడి అలవాటు చేస్తున్నాడు. ముసలి ఎద్దు పక్కన దాన్ని కట్టి వెనుక ఒక మొద్దు లాగిస్తున్నాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. పరుగు ముగించుకుని వచ్చిన వనజాక్షి, తాళ్లు కట్టిన బూట్లతో, రొప్పుతూ తండ్రికి ఎదురుగా ఆగింది.

"ఇప్పుడెందుకు నాయనా దీనికి కాడి? విత్తే పొద్దు కట్టొచ్చు కదా."

"ఏం మాటలు పాపా అవి. అలవాటు లేని కోడెను ఆ పొద్దే గొర్రుకు కడితే సాలు వంకర పోతాది. మెడ పుండయి ఆడనే కూలబడతాది."

"మరి నా కాలు?"

తిమ్మప్ప పలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కోడె గుంజుతూనే ఉంది. ఆయన కాడి విప్పి ఇంటికి నడిచాడు. మేము చేరేసరికి నిచ్చెన మీద ఉన్నాడు. పెట్టె కిందికి అందిస్తూ, "మొదటి పొద్దు కోడెను పరుగెత్తించం. నడిపిస్తాం. నువ్వూ నడువు," అన్నాడు.

ఆమె నడిస్తే కదా. తొడిగిన క్షణమే దారి పట్టింది. సాయంత్రానికి ఎడమ మడమ పొక్కింది. వెంకటలక్ష్మమ్మ ఆముదం రాసి గుడ్డ చుడుతుంటే, "కోడె నయం. చెప్తే ఇంటాది," అన్నాడు తిమ్మప్ప. ఆ తరువాత మాత్రం ఆమె నడిచింది. బూటు ఒంగింది, పాదం కుదిరింది. పొక్కు మాత్రం పూర్తిగా మానలేదు. దానికి రోజులు చాలలేదు.

అనంతపురం మైదానంలో కంచె ఇవతల తిమ్మప్పా నేనూ నిలబడ్డాం. సగం దూరం దాకా ఆమె ముందు వరుసలో ఉంది. అక్కడ పొక్కు చిట్లింది. ఎడమ మేజోడు మీద ఎర్రటి మరక కనిపించింది. ఒకరు దాటారు, ఇంకొకరు దాటారు. తిమ్మప్ప రెండు చేతులతో కంచె కమ్మీ పట్టుకున్నాడు. ఆమె ముఖం చిట్లించింది గానీ అడుగు తగ్గించలేదు. గడువు లోపలే గీత దాటింది. మిగిలిన వ్యవధి ఒక ఊపిరి పాటిది.

సంతోషించవలసిన ఆ క్షణంలో నాకు వచ్చింది కోపమే. వేసవిలోనే ఆ పెట్టె దిగివస్తే ఈ నెత్తురు ఎందుకు? తిమ్మప్ప వైపు తిరిగాను. ఆయన చూపు ఇంకా ఆ మేజోడు మీదే ఉంది.

"సార్, ఆ డాక్టరు రాసిన పేపరు ముక్క మీ దగ్గర ఉండాదా?"

"ఉంది."

"పారెయ్యొద్దు."

రాత పరీక్షలో ఆమెకు ఇబ్బంది కాలేదు. శిక్షణ ముగిసి కవాతు జరిగే రోజుకు మమ్మల్నందరినీ పిలిచింది. బస్సు దిగినప్పటి నుంచీ వెంకటలక్ష్మమ్మ సణుగుడు ఆగలేదు. "ఈ పొద్దు కోసమే కొన్న చెప్పులు సార్. వద్దంటే ఇనకుండా ఈయన రోజూ చేనికి తొడుక్కొని పోయినాడు. నలుగురిలో ఎట్లుండాదో చూడండి."

చూశాను. చెప్పుల నిండా ఎర్రమన్ను, పట్టీలు మెత్తబడి కాలి ఆకారానికి వచ్చేశాయి. తిమ్మప్ప ఆమె మాట పట్టించుకోలేదు. వేసిన కుర్చీలో కూర్చోలేదు. వనజాక్షి ఉన్న వరుస కదలగానే కంచె ఇవతల తానూ కదిలాడు. వాళ్లు మైదానం మలుపు తిరిగితే ఆయనా తిరిగాడు. మేము పిలుస్తున్నా ఆగకుండా, కూతురితో సమానంగా, కాలు ఎక్కడా తడబడకుండా నడుస్తూ పోయాడు.